మౌస్ ఎవరి చేతిలో ఉండాలి?

పాఠాల్లో టెక్నాలజీ వాడటం టీచర్లకు నేర్పుదామని నేను పెట్టిన మొదటి వర్క్‌షాప్ గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక్క రోజులో 12 యాప్‌లు చూపించాను. క్విజ్ పెట్టడానికి ఒకటి, వీడియో కత్తిరించడానికి ఒకటి, అందరూ కలిసి రాసుకునే డాక్యుమెంట్ ఒకటి... గంటకు రెండు చొప్పున ఒకటే పరుగు. సాయంత్రం ఫారాల్లో అందరూ ‘చాలా ఉపయోగకరం’ అని రాసి వెళ్లారు. మూడు వారాల తర్వాత వాకబు చేస్తే ఆ 12లో ఒక్కటి కూడా తరగతి గడప తొక్కలేదు. ఒక మేడమ్ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారు: “మీరు చేస్తుంటే అంతా సులువుగానే అనిపించింది సార్. ఇంటికెళ్లి తెరిస్తే పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయాను.”

లోపమంతా ఆ ‘మీరు చేస్తుంటే’లోనే ఉంది. అది నా బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది.

వర్క్‌షాప్‌లు పక్కనపెట్టి తరగతుల్లో వెనక బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకరోజు అదే మేడమ్ సాంఘిక శాస్త్రం పాఠం. ప్రొజెక్టర్‌కి లాప్‌టాప్ తగిలించారు. తెర మీద ఏమీ రాలేదు. కేబుల్ పీకి మళ్లీ పెట్టారు. ఊహూఁ. ఒక పిల్లాడు లేచి “మేడమ్, విండోస్ కీ, పీ కలిపి నొక్కండి” అన్నాడు. నొక్కారు, బొమ్మ వచ్చింది. దాంతోపాటే ఆవిడ ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి తెర మూలన తేలాయి. 40 మంది పిల్లలు గొల్లుమన్నారు. మేడమ్ ఏమీ అనలేదు. లాప్‌టాప్ మూసేసి చాక్‌పీస్ అందుకున్నారు. ఆ తర్వాత ఆవిడ చెప్పిన పాఠం ఎంత బాగుందో!

అప్పటిదాకా ‘వీళ్లకు టెక్నాలజీ అంటే భయం’ అనుకునేవాణ్ణి. యంత్రమంటే భయమేమీ లేదు. ఏళ్ల తరబడి ఆ గదిలో అన్నీ తెలిసిన మనిషిగా నిలబడి, ఒక్కసారిగా పిల్లల ముందు తెల్లమొహం వేయాల్సి రావడమే భయం. అందుకని ఆవిడతో మొదటి రెండు వారాలు యాప్‌ల ఊసే ఎత్తలేదు. నోటిఫికేషన్లు ఆపడం, క్లాసు కోసం బ్రౌజర్లో విడిగా ప్రొఫైల్ పెట్టుకోవడం, కేబుల్ మొరాయిస్తే వరసగా ఏం చూసుకోవాలి, నెట్ పోతే పాఠం ఎలా నడపాలి, ఇవే. ఖాళీ గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని. సగం టెన్షన్ అక్కడే తీరిపోయింది.

ఇక నా సమస్య నా కుడిచెయ్యి. పక్కన కూర్చున్నవారు మెనూలో వెతుక్కుంటూ పది సెకన్లు ఆగితే చాలు, నా చెయ్యి దానంతట అదే మౌస్ మీదికి వెళ్లిపోయేది. “ఇలా ఇవ్వండి, ఒక్క నిమిషం.” వాళ్లు కూడా హాయిగా కుర్చీ వెనక్కి జరిపి చూసేవారు. పని అయిపోయేది, వాళ్లకు వచ్చేది మాత్రం కాదు. చివరికి రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడటం అలవాటు చేసుకున్నాను. లెక్కల సార్ ఒకరు పిల్లలందరితో ఒక ఆన్‌లైన్ షీటు పంచుకోవడానికి ఏడు నిమిషాలు తీసుకున్నారు. నేను చేస్తే పది సెకన్లు. ఆ ఏడు నిమిషాలు నేను పడిన యాతన నాకే తెలుసు. కానీ ఆ సంగతి ఆయన మళ్లీ నన్ను అడగలేదు.

ఇంకో పొరపాటు కూడా చెప్పుకోవాలి. క్లాసు అవగానే బయటికి పిలిచి ‘ఇవి బాగున్నాయి, ఇవి మార్చుకోండి’ అని చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు నేను వచ్చే రోజున మాత్రమే ప్రొజెక్టర్ వెలగడం మొదలైంది. అంటే నేను ఇన్‌స్పెక్టర్ అయిపోయానన్నమాట. ఉపాధ్యాయులు తోటివారి దగ్గర నేర్చుకునే ‘కోచింగ్’ మీద 1980ల నుంచి పనిచేసిన పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ దీన్ని నాకంటే చాలా ముందే పసిగట్టారు. ఒకరి క్లాసు ఒకరు చూసి వ్యాఖ్యానించడం తీర్పు చెప్పినట్టు తయారవుతోందని, 1996లో రాసిన వ్యాసంలో ఆ పద్ధతినే వదిలేశామన్నారు. వాళ్ల లెక్కలో పాఠం చెప్పేవారే కోచ్, కూర్చుని చూసేవారు నేర్చుకునేవారు. అది చదివాక నేనూ వ్యాఖ్యానాలు మానేసి, పాఠాన్ని ముందుగా కలిసి తయారుచేయడం మీద కూర్చున్నాను. పాఠంలో టెక్నాలజీ ఎంత లోతుగా వాడుతున్నామో చూపించే, రూబెన్ ప్యుంటెడురా తయారుచేసిన నాలుగు మెట్ల ‘సామర్’ పట్టిక తీసి ‘మీ పాఠం ఏ మెట్టు మీద ఉందో చూడండి’ అనడమూ మానేశాను. పట్టికలో తప్పేం లేదు, కానీ పై మెట్టు ఎక్కకపోతే మార్కులు తగ్గినట్టు మొహాలు పెట్టేవారు.

సాంఘిక శాస్త్రం మేడమ్‌కి ఒక సందేహం మాత్రం పోలేదు. “పిల్లలకు మనకంటే బాగా తెలుసు కదా సార్, వాళ్లకు మనమేం నేర్పుతాం?” కంప్యూటర్ల మధ్యే పుట్టి పెరిగిన పిల్లలకు 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే రచయిత ‘డిజిటల్ నేటివ్స్’ అని పేరు పెట్టినప్పటి నుంచి ఈ నమ్మకం బాగా పాతుకుపోయింది. వాదించకుండా ఇద్దరం కలిసి ఒక పాఠం కట్టాం. అమెరికా వాయవ్య అడవుల్లో చెట్ల మీద బతికే ఆక్టోపస్ అంతరించిపోతోందని చెప్పే వెబ్‌సైట్ ఒకటుంది. 1998లో సరదాకి తయారుచేసిన శుద్ధ అబద్ధం. ఫొటోలు, శాస్త్రీయ నామం, దాన్ని కాపాడమనే పిలుపు, అన్నీ ఉంటాయి. పిల్లలకు ఏమీ చెప్పకుండా ‘ఈ జీవి గురించి ఐదు వాక్యాలు రాయండి’ అన్నారు మేడమ్. ప్రొజెక్టర్ షార్ట్‌కట్ చెప్పిన ఆ పిల్లాడితో సహా దాదాపు అందరూ రాశారు. ఒక అమ్మాయి ‘మనం చెట్లు నరకరాదు’ అని కూడా ముగించింది.

అప్పుడు మేడమ్ అన్నారు, “ఈ పేజీ వదిలెయ్యండి. కొత్త ట్యాబ్ తెరిచి, దీని గురించి వేరేవాళ్లు ఏమంటున్నారో చూడండి.” రెండు నిమిషాల్లో గదంతా గోల. నిజానికి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు, వెబ్‌సైట్లను నమ్మొచ్చో లేదో ఎలా తేల్చుకుంటారని 45 మందిని గమనించినప్పుడు తేలిందీ ఇదే. చరిత్రకారులు, విద్యార్థులు చాలామంది ఇచ్చిన పేజీలోనే పైకీ కిందకీ తిరుగుతూ దాని అందానికి పడిపోయారు. నిజానిజాలు తేల్చడమే పనిగా ఉన్న ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం వెంటనే ఆ పేజీ వదిలి పక్క ట్యాబుల్లోకి వెళ్లారు. ఈ అలవాటును పక్కకు చదవడం అంటున్నాం మా క్లాసుల్లో. ఆ రోజు తర్వాత మేడమ్ ఆ సందేహం మళ్లీ అడగలేదు. వేగం పిల్లలది, నిదానం ఆవిడది. పాఠంలో రెండూ పనికొచ్చాయి.

లెక్కల సార్ కథ దీనికంటే నెమ్మది. ‘నా బోర్డు నాకు చాలు’ అనే మనిషి. బోర్డు మీద ఆయన రాత చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది కూడా. ఆయన దగ్గర నేను డిజిటల్ అనే పదమే వాడలేదు. “సగటు పాఠం ఎక్కడ పట్టు తప్పుతోంది సార్?” అని అడిగాను. “సూత్రం వచ్చు, అర్థం రాదు” అన్నారు. అక్కడ దొరికింది దారి. పుస్తకంలోని అంకెలు వదిలేసి పిల్లలు తమ అంకెలే తెచ్చుకోవాలి. పదేసి మంది గుంపులుగా, బడికి రావడానికి ఎవరికి ఎన్ని నిమిషాలు పడుతుందో స్ప్రెడ్‌షీట్‌లో వేశారు. నిమిషాలన్నీ బీ2 గడి నుంచి బీ11 దాకా, వాటి మొత్తం కింద బీ12లో.

ఒక గుంపుకి మొత్తం 150, సగటు 27.27 వచ్చింది. కంప్యూటర్ చెప్పింది కాబట్టి నోట్సులో రాసేసుకున్నారు. పక్క గుంపు అమ్మాయి తొంగి చూసి అంది, “మీలో అందరికంటే దూరం నుంచి వచ్చేవాడికే 25 నిమిషాలు కదా, సగటు 27 ఎలా వస్తుంది?”

నాకు వెనక నుంచే కనబడింది. ఫార్ములా బీ2 నుంచి బీ12 దాకా లాగారు, మొత్తం కూడా పదకొండో అంకె అయి కూర్చుంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. సార్ వైపు చూశాను. ఆయనకీ దొరికిపోయిందని ఆ చిన్న నవ్వులోనే తెలుస్తోంది. పిల్లాడు మౌస్ జరిపి “సార్, మీరు చూడండి” అన్నాడు.

సార్ రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, “పదకొండో వాడెవడ్రా మీ గుంపులో?” అన్నారు.