మీరెక్కడ దిగుతారండీ?

సికింద్రాబాద్‌లో పొద్దున దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ స్టేషను చేరేది మర్నాడు మధ్యాహ్నం ప్రాంతంలో. కాశీకి వెళ్ళేవాళ్ళు దిగేది అక్కడే. 2018 దాకా దాని పేరు మొగల్‌సరాయి. బోగీలో సగంమంది ఇప్పటికీ ఆ పేరే అంటారు, ఇంకో స్టేషనేమోనని కంగారు పడొద్దు. ఒక పగలు, ఒక రాత్రి, ఆపైన ఒక పూట ముక్కూమొహం తెలియని ఏడుగురితో ఒకే చోట కూర్చుని నోరు కట్టుకోవడం మనవాళ్ళ వల్ల కాదు. ఎటూ మాట్లాడతాం కదా, అది యాత్రకి పనికొచ్చేలా మాట్లాడితే సరి.

ఇల్లు కదిలే ముందు టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు ఇంకోసారి చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచాక కొన్ని బళ్ళు అటు మారాయి. పాత అలవాటుతో సికింద్రాబాద్ స్టేషన్‌కే వచ్చి బోయిగూడ వైపు ఆటో దిగి పరుగులు పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మొదటి మాట ఎప్పుడూ కింది బెర్తు గురించే. "అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ, మీరు కాస్త మధ్య బెర్తుకి వెళ్తారా?" 60 దాటిన మగవాళ్ళకీ 45 దాటిన ఆడవాళ్ళకీ కింది బెర్తు కోటా ఉంది. అది ఒంటరిగానో ఇద్దరుగానో టికెట్ తీసుకుంటేనే వర్తిస్తుంది, ఆ ఇద్దరూ ఆ వయసువాళ్ళే అయి ఉండాలి. కొడుకు, కోడలు, మనవడితో కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా లెక్కలోకి రాదు, నానమ్మకి మధ్య బెర్తు పడొచ్చు. పెద్దవాళ్ళిద్దరికీ విడిగా తీస్తే సగం బాధ తప్పుతుంది.

మార్పిడికి ఒప్పుకునే ముందు, లేదా అడిగే ముందు, "మీరెక్కడ దిగుతారండీ?" అని తప్పక అడగాలి. బెర్తు ఇచ్చినవారు మధ్యలో జబల్పూర్‌లో దిగిపోయేవారైతే, ఆ సీటుకి అక్కడ ఎక్కే కొత్త మనిషి నడిరాత్రి వచ్చి లైటు వేసి లేపుతాడు. న్యాయం అతనిదే. మన దగ్గర ఉండేది మాట, అతని దగ్గర ఉండేది టికెట్. మార్చుకున్నాక టీసీకి చెప్పాలి, సామాను కూడా బెర్తుతో పాటే మార్చాలి, పాత సీటు నంబరు మీద ముందే ఆర్డరు పెట్టిన భోజనం ఏమైనా ఉంటే గుర్తుంచుకోవాలి.

సీటు నంబరు వినగానే ఏ బెర్తో తెలియాలంటే ఎనిమిదితో భాగించండి. స్లీపర్‌కీ థర్డ్ ఏసీకీ ఇదే లెక్క. శేషం 1, 4 అయితే కింద, 2, 5 అయితే మధ్య, 3, 6 అయితే పైన, 7 సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. మధ్య బెర్తు పైకెత్తి పడుకునే హక్కు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకానే. తొమ్మిదింటికే నడుం వాల్చాలనుకునేవాళ్ళు, ఏడైనా లేవనివాళ్ళు గొడవలకి మూలం. చీకటి పడకముందే "మీరు ఎన్నింటికి పడుకుంటారు?" అని నవ్వుతూ అడిగేస్తే అది పెరగదు.

రామగుండం దాటి మంచిర్యాల రాకముందు గోదావరి. అంతవరకు ఫోన్లో తల దూర్చినవాళ్ళు కూడా ఇక్కడ లేచి దండం పెడతారు. మాట కలపడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. చిల్లర వేయాలనుకుంటే కిటికీలోంచి వేయండి, తలుపు దగ్గర గుమికూడొద్దు. "కాశీకేనా?" అంటే చాలు, ఎదుటివారు ఎన్నోసారి వెళ్తున్నారో, ఎన్ని రాత్రులు ఉంటారో అన్నీ బయటికి వస్తాయి. తొమ్మిది రాత్రులు నిద్ర చేయడానికి వెళ్ళేవాళ్ళ మాటకీ రెండు రోజుల ప్యాకేజీలో వెళ్ళేవాళ్ళ మాటకీ విలువ ఒకటి కాదు. మొదటివాళ్ళకి ఏ ఘాట్ మెట్లు మోకాళ్ళకి కష్టమో తెలుసు, రెండోవాళ్ళకి బస్సు ఎక్కడ ఆగిందో తెలుసు.

అడిగే తీరులోనే ఉంది కిటుకంతా. "పడవకి ఎంత ఇవ్వాలి?" అంటే అభిప్రాయం చెబుతారు. "మీరు ఎంత ఇచ్చారు, ఎంతమంది ఎక్కారు, ఏ ఘాట్ నుంచి ఏ ఘాట్ దాకా?" అంటే లెక్క చెబుతారు. గదికీ ఆటోకీ గయలో పిండప్రదానం చేయించిన పంతులుగారి సంభావనకీ ఇదే పద్ధతి. ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు వినకుండా చెప్పిన అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే నమ్మొచ్చు. ఒకరి ముందు ఒకరిని అడిగితే రెండోవారు తగ్గించి చెబుతారు, తాము మోసపోయామని ఎవరు ఒప్పుకుంటారు?

ఇంకోటి, ఎప్పుడు వెళ్ళారో అడగాలి. హైదరాబాదీ హిందీలో "పర్సోం" అంటే మొన్ననే కావాలని లేదు, పోయినేడాది కూడా కావచ్చు. గుడి నుంచి గంగ ఒడ్డు దాకా వేసిన విశాలమైన దారి, విశ్వనాథుడి కారిడార్, 2021 డిసెంబరులో తెరిచారు. అంతకుముందు వెళ్ళినవాళ్ళు చెప్పే సందులూ క్యూలూ దారులూ ఇప్పుడు పనికిరావు. దర్శనం వేళలు, ఆరతి టికెట్ల సంగతి ఎవరు చెప్పినా సరే, ఆలయ వెబ్‌సైటులో చూసుకోవాల్సిందే. గుళ్ళోకి ఫోను, సంచి తీసుకెళ్ళనివ్వరు అన్నది మాత్రం అందరూ చెప్పేదే, నిజమే. లాకరు ఊరికే ఇస్తామనే దుకాణంలో ప్రసాదం బుట్ట ధర ముందే అడగండి.

బాగా తెలిసినవాళ్ళు కూడా తడబడే విషయం శ్రావణం. "ఇంకా శ్రావణం రాలేదు కదా, రద్దీ ఉండదు" అని ధైర్యం చెబుతారు. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిన పౌర్ణమితో. అందుకే అక్కడి సావన్ మనకన్నా పదిహేను రోజులు ముందే, గురుపౌర్ణమి మర్నాడే మొదలవుతుంది. మన పంచాంగం చూసుకుని ఆషాఢంలో ఖాళీగా ఉంటుందని వెళ్తే సావన్ సోమవారం జనంలో నలిగిపోతారు.

కాగజ్‌నగర్ తర్వాత తెలుగు పలచబడుతుంది, బల్లార్షా దాటితే హిందీయే. ఈ బండిలో ఊళ్ళకి వెళ్ళే బిహారీ కార్మికులు చాలామంది ఉంటారు. మన భవనాలు కట్టేది, హోటళ్ళలో వండేది వాళ్ళే. యాత్రికులు వాళ్ళని పలకరించరు, అది తెలివితక్కువ పని. ఏడాదికి రెండుసార్లయినా ఇదే బండి ఎక్కేవాళ్ళకి ఎక్కడ లేటవుతుందో, ఏ స్టేషన్లో మంచినీళ్ళ కుళాయి మన బోగీకి ఎదురుగా వస్తుందో టైం టేబుల్ కన్నా బాగా తెలుసు.

తిండి దగ్గర మాటలు ఇంకా కలుస్తాయి. చింతపండు పులిహోర రాత్రి దాకా నిలుస్తుంది, నిమ్మకాయది మధ్యాహ్నానికే తినేయాలి, ఎండాకాలం పెరుగన్నం జోలికి పోవద్దు. రెండో రోజుకి సర్వపిండి, సకినాలు, అటుకుల చుడువా. మత్తు కలిపిన బిస్కెట్లూ టీలూ ఇచ్చి సామాను ఎత్తుకుపోయేవాళ్ళ గురించి రైల్వే హెచ్చరికలు ఊరికే చేయదు. అదే డబ్బాలోంచి వాళ్ళు తింటూ అందరికీ పెడితే వేరు, మనకోసం విడిగా తీసి ఇస్తే వేరు. వద్దనడానికి మొహమాటమైతే "ఇవాళ ఒక్కపొద్దు" అంటే సరి, యాత్రలో ఆ మాటకి ఎవరూ నొచ్చుకోరు. నిజంగా అనుమానం వస్తే 139కి ఫోన్ చేయండి.

కబుర్ల మధ్య జారిపోయే మాటలు రెండున్నాయి. "ఇంట్లో ఎవరూ లేరు, పదో తారీఖుకి వస్తాం" అన్నది ఒకటి, దిగే గది పేరు రెండోది. ఇంటి పేరు, కాలనీ పేరు, తిరిగొచ్చే తేదీ మూడూ ఒకే మనిషి చెవిన పడకూడదు. కాశీలో పడవవాళ్ళూ దుకాణాలవాళ్ళూ తెలుగు గడగడా మాట్లాడతారు. తెలుగు వచ్చినంత మాత్రాన మనవాడైపోడు.

రాత్రి భోజనాలయ్యాక వచ్చే చర్చ గయలో ఏం వదలాలన్నది. ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదలడం మనవాళ్ళ ఆచారం. చాలామంది కాకరకాయతో సరిపెడతారు, ఇష్టమైనది వదిలితేనే వదిలినట్టని పెద్దవాళ్ళు దెప్పుతారు. వంకాయ మాత్రం తొందరపడి వదలొద్దని నా సలహా, పెళ్ళిళ్ళకి వెళ్ళిన ప్రతిసారీ బాధపడాలి. ఆలుమగలు బండి దిగేలోపే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది.

మర్నాడు ప్రయాగరాజ్ ఛివ్కీ దాటాక పెద్ద వంతెన వస్తుంది, బోగీలో ఎవరో ఒకరు "గంగమ్మ తల్లీ" అని చేతులు జోడిస్తారు. అది తమసా నది. ఈ బండి గంగ దక్షిణపు ఒడ్డు వెంటే వింధ్యాచల్, మీర్జాపూర్ మీదుగా పోతుంది, దిగేదాకా గంగ దాటదు. సంగమ స్నానం ముందు చేసుకోవాలనుకునేవాళ్ళు మాత్రం ఛివ్కీలోనే దిగాలి.

దీన్‌దయాళ్ స్టేషను నుంచి కాశీ సుమారు 17 కిలోమీటర్లు. ఆటోలు ఎక్కువ చెబుతారు కాబట్టి మీర్జాపూర్ దగ్గరే ఎదురు బెర్తువాళ్ళతో "మీ గది ఏ వైపు?" అని మాట్లాడుకుని ఇద్దరు ముగ్గురు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. గోదౌలియా దగ్గర గుడి సందుల్లోకి బళ్ళు రానివ్వరు, ఎవరు ఎక్కడ దిగి ఎంత నడవాలో ఎక్కకముందే తేల్చుకోండి. దారిలో రాజ్‌ఘాట్ దగ్గర మాలవీయ వంతెన మీద గంగ దాటుతారు. 1887 నాటిది, కింద రైలు, పైన రోడ్డు. ఆటోలో ఎడమ వైపు సీటు పెద్దవాళ్ళకి ఇవ్వండి, ఘాట్లన్నీ కనిపించేది అటే.