వన్‌వే అయిన వీధిలో ఒక రోజు

మంగళవారం, ఉదయం.

వీధి మొగలో వన్‌వే బోర్డు వెలిసింది. ఎదురెదురుగా రెండు కార్లు ఇరుక్కుని హారన్లు కొట్టుకునే గోల తగ్గింది, మంచిదే. కానీ ఆ ఎదురు బండి వల్ల ఒక మేలుండేది. మలుపు అవతల ఎవరైనా వస్తున్నారేమోనన్న అనుమానంతో డ్రైవరు కాలు కాస్త వెనక్కి తీసేవాడు. ఇప్పుడా అనుమానం లేదు, రోడ్డు వెడల్పు మాత్రం అంతే ఉంది. అందుకే వేగం పెరుగుతుంది. ఇళ్ల మధ్య వీధిని వన్‌వే చేసేవాళ్లు ముందు ఆలోచించాల్సిన ఈ సంగతి చాలా చోట్ల ఆఖర్న గుర్తొస్తుంది.

30 కిలోమీటర్ల బోర్డు కూడా పెట్టారు. 30కీ 50కీ పెద్ద తేడా ఏముందనేవాళ్లు ఈ లెక్క చూడాలి. బ్రేకు మీద కాలు పడడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు మీద 30లో వెళ్లే కారు ఆ సెకనులో 8 మీటర్లు, బ్రేకు వేశాక ఇంకో 5 మీటర్లు వెళ్లి ఆగుతుంది. మొత్తం 13. అదే 50లో అయితే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు దాటిపోతుంది. అంటే 13 మీటర్ల దూరంలో పిల్లవాడు బంతి వెంట పరుగెత్తుకొస్తే మొదటి కారు ఆగిపోతుంది, రెండోది బ్రేకే పడకుండా పూర్తి వేగంతో గుద్దేస్తుంది. ఇక ఆలస్యం మాటకొస్తే, 300 మీటర్ల వీధికి 14 సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

మధ్యాహ్నం.

వేగం కొలవాల్సింది ఇలా వీధి ఖాళీగా ఉన్నప్పుడే. రద్దీలో ఎలాగూ అందరూ మెల్లగానే వెళ్తారు. రోడ్డు పక్క 50 మీటర్ల దూరానికి రెండు గుర్తులు గీసి స్టాప్‌వాచ్ పట్టుకుంటే చాలు. ఆ దూరం దాటడానికి 6 సెకన్లు పడితే వేగం 30, 3.6 సెకన్లయితే 50. వంద బళ్లు కొలిచి, తక్కువ వేగం నుంచి ఎక్కువకు వరస వేస్తే 85వ బండి వేగమే చూడాల్సిన అంకె. అది 35 లోపుంటే బోర్డుతో పని నడవొచ్చు. 45 దాటితే బోర్డు ఒక్కటీ ఏమీ చేయలేదు, రోడ్డునే మార్చాలి.

మార్చడమంటే అందరూ స్పీడ్ బ్రేకరే అంటారు. పొట్టిగా, నిటారుగా పోసిన గుట్టలు నాకు అసలు నచ్చవు. టూవీలర్లు జారుతాయి, బళ్లు దాని ముందు బ్రేకు వేసి, దాటగానే రయ్యిమని పోతాయి, పక్క ఇంటివాళ్లకు రాత్రంతా చప్పుడు. వేస్తే బండి వెళ్లే దిక్కున 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన గుండ్రంగా వేయాలి. 60 నుంచి 80 మీటర్లకొకటి ఉండాలి, ఎడం మరీ ఎక్కువైతే మధ్యలో వేగం పుంజుకుంటుంది. వాన నీరు పోయే దారి మూయకూడదు.

అంతకంటే మేలైనది వెడల్పు తగ్గించడం. బళ్లు నడిచే దారిని 3.5 మీటర్లకు కుదించి, పార్కింగ్‌ను 40, 50 మీటర్లకోసారి ఎడమ నుంచి కుడికి మారిస్తే రోడ్డు దానంతటదే వంకరవుతుంది. సిమెంటు పోసేముందు కోన్లు పెట్టి, ఫైరింజన్‌నీ చెత్త లారీనీ ఒకసారి నడిపించి చూడాలి. కాగితం మీద తిరిగిన లారీ వీధిలో తిరక్కపోవచ్చు.

సాయంత్రం.

రెండు పెద్ద రోడ్లను కలిపే దగ్గరి దారిని ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే దిక్కుగా వన్‌వే చేస్తే, అడ్డంగా దూసుకుపోయేవాళ్లకు రాజమార్గం వేసిచ్చినట్టే. నడిమి కూడలి దగ్గర దిక్కు తిప్పేసి, రెండు కొసల్లోనూ బళ్లు బయటకు వచ్చేలా మాత్రమే పెట్టాలి. ఇళ్లవాళ్లు పక్క సందులోంచి లోపలికొస్తారు. ఆ చుట్టు అర కిలోమీటరు దాటితే మాత్రం రాంగ్ రూటు తప్పదు, ముందు టూవీలర్లే మొదలుపెడతాయి. సైకిళ్లను ఎదురు దిక్కులో రానివ్వాలి, నో ఎంట్రీ బోర్డు కింద మినహాయింపు పలక, రోడ్డు మీద సైకిల్ గుర్తు వేసి. లేదంటే వాళ్లు ఫుట్‌పాత్ ఎక్కుతారు.

నో ఎంట్రీ బోర్డు మొగకు రెండు పక్కలా ఉండాలి. ఇవాళ ఒక పక్కదాన్ని చెట్టు కొమ్మ సగం కప్పేసింది. కొమ్మ కొట్టించాలి. మూడు నెలలయ్యాక అదే 50 మీటర్ల గుర్తుల దగ్గర, అదే మధ్యాహ్నం వేళ, మళ్లీ వంద బళ్లు కొలవాలి.