రాజమండ్రి కళ్లతో తాంపెరె గోడలు

ఫిన్లాండ్‌లో, హెల్సింకి పక్కనున్న ఎస్పూలో ఉండే మా చెల్లెలి దగ్గరికి సెప్టెంబరులో వెళ్లాను. వెళ్లిన వారమే ముసురు పట్టింది. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావన్నయ్యా, పద" అని హెల్సింకి స్టేషను ఎదురుగా ఉన్న అతెనెయుం మ్యూజియానికి లాక్కెళ్లింది.

ఫిన్లాండ్ బొమ్మలంటే మంచూ, అడవీ, సరస్సులే అనుకున్నాను. అవీ ఉన్నాయి. నా కాళ్లు ఆగింది మాత్రం ఆ దేశపు చిత్రకారుడు గాల్లెన్-కల్లెలా 1897లో టెంపెరాతో (గుడ్డుసొన లాంటి జిగురులో కలిపే రంగులతో) వేసిన 'లెమ్మింకైనెన్ తల్లి' ముందు. ఫిన్లాండ్ వాళ్ల జానపద మహాకావ్యం కలేవాలలోని కథ. మృత్యునదిలో ముక్కలై పడిన కొడుకుని ఆ తల్లి నీళ్లలో గాలించి తీసి, అతికించి, తేనెటీగ తెచ్చే మందు కోసం పైకి చూస్తోంది. చిత్రకారుడు తన కన్నతల్లినే కూర్చోబెట్టి వేశాడట. నూనె రంగుల నిగనిగ లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన మొహంలా పొడిగా ఉంది రంగు.

ఆ పక్క హాల్లో మరో ఫిన్లాండ్ చిత్రకారుడు హ్యూగో సింబెర్గ్ బొమ్మలు. 1903 నాటి 'గాయపడ్డ దేవదూత'లో ఇద్దరు కుర్రాళ్లు కళ్లకు కట్టు కట్టిన దేవదూతను మోసుకెళ్తుంటారు. వెనక కుర్రాడు మనకేసి గుర్రుగా చూస్తాడు, కొట్టింది మనమే అన్నట్టు. కొట్టిందెవరో సింబెర్గ్ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

నేను చూడాలనుకున్నది ఆయనదే మరొకటి, 1896లో నీటిరంగులతో వేసిన 'మృత్యువు తోట'. అరచేయంత బొమ్మ. కాగితం మీదిది కదా, వెలుతురుకి పాడవుతుంది, అస్తమానం బయట పెట్టరు. ఆ రోజు లేదు. "దాన్నే తాంపెరె చర్చి గోడ మీద పెద్దగా వేశాడు, పోదామా?" అంది చెల్లెలు.

మరుసటి శనివారం తాంపెరె ఊరికి రైల్లో గంటన్నర. తీరా వెళ్తే లోపల పెళ్లి! బయట గంటసేపు చలిలో పడిగాపులు. ఆ ఊరి నల్ల రక్తపు సాసేజ్ చెల్లెలు లాగించింది, నేను అరటిపండుతో సరిపెట్టుకున్నాను.

లోపల తల ఎత్తితే కప్పు నడిమధ్య నోట యాపిల్ కరుచుకున్న పాము. చర్చిలో! అప్పట్లో జనం గొడవపడ్డారంటే పడరూ మరి. 1904-06 మధ్య వేసిన ఫ్రెస్కోలివి. తడి సున్నం ఆరేలోగా రంగు పూసెయ్యాలి, దిద్దుకునే వీలు తక్కువ. దేవదూత ఇక్కడా ఉంది, వెనకాల తాంపెరె ఫ్యాక్టరీ పొగగొట్టాలతో.

ఇక ఆ తోట. నల్లటి అంగీలు తొడుక్కున్న అస్థిపంజరాలు మొక్కలకు సేవ చేస్తున్నాయి, అచ్చం మా కడియం నర్సరీల్లో పనివాళ్లలా. భయం వేస్తుందనుకున్నాను. ఒకటైతే ఓ మొక్కను గుండెకు హత్తుకుని నిలబడింది.

"దాన్ని ఎక్కడ నాటుతుందో" అంది చెల్లెలు.