తుపాకుల పని నేర్పిన నా మిత్రుడు

తుపాకుల మరమ్మతు పనిలో నాకు గురువు, అంతకంటే ముందు ఆప్తమిత్రుడు అయిన ఆయన ఇక లేరు. ఈ మాట రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

బల్ల మీదికి ఏ తుపాకీ వచ్చినా ఆయన మొదట చేసే పని ఒకటే. గొట్టాన్ని ప్రమాదం లేని వైపు తిప్పి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) తెరిచి, కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకునేవారు. తెచ్చినవారు ఎంత గట్టిగా చెప్పినా సరే. నా చేతికి ఇచ్చాక నేనూ మళ్లీ చూడాల్సిందే.

పాత పద్ధతిలో గొట్టానికి నలుపు ఎక్కించడం ఆయనకు ప్రాణం. ఉక్కు మీద జిడ్డు పూర్తిగా తీసి, తుప్పు పట్టించే ద్రావణం పలచగా పూసి, తేమగాలిలో తుప్పు పట్టనివ్వాలి. తర్వాత శుభ్రమైన నీటిలో మరిగిస్తే ఆ ఎర్రటి తుప్పు మాగ్నటైట్ అనే నల్లని ఇనుప ఆక్సైడ్‌గా మారుతుంది. పైన తేలిన పొడిని సన్నని తీగల బ్రష్షుతో రుద్దేసి, మళ్లీ మొదటి నుంచి. నలుపు నిండుగా వచ్చేదాకా రోజుల తరబడి ఇదే పని. మధ్యలో వేలిజిడ్డు అంటితే అక్కడ మచ్చ తేలుతుంది. లోహాన్ని తినే తుప్పునే లోహానికి కాపలా పెట్టడం ఆయనకు ఎన్నిసార్లు చేసినా కొత్తగానే ఉండేది. ఆ సంబరం ముఖంలో దాగేది కాదు.

స్క్రూడ్రైవర్ల కొసలను ప్రతి స్క్రూ గాడికీ సరిపోయేలా తానే అరగదీసుకునేవారు. గాడి చెదిరిన స్క్రూ కనిపిస్తే నిజంగా బాధపడేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవారు ఇది చదువుతుంటే, మీకు ఏమి నేర్పారో రాయండి. నాకు వినాలని ఉంది.