సుత్తి కొనాలా, కాలెట్ కొనాలా

"తాత పెరట్లో కూర్చుని చిచ్చుబుడ్లు కూరితే అది మన కల్చర్. నేను గరాజ్‌లో తుపాకీ రౌండ్లు లోడ్ చేస్తే డేంజరా అమ్మా?" అన్నాడు మా పదహారేళ్లవాడు. సూరేకారం, గంధకం, బొగ్గుపొడి, ఇనుప రజను పాళ్లు చూసుకుని విజయనగరంలో మా నాన్న కూరిన చిచ్చుబుడ్ల గొప్ప వాడికి ప్రతి దీపావళికీ చెప్పేది నేనే. జవాబు తోచక, "ముందు బుల్లెట్ పుల్లర్ కొనుక్కో, తర్వాత మాట్లాడదాం" అన్నాను. వాదనలో ఓడిన తల్లికి మిగిలేది షరతులు పెట్టడమే కదా.

షరతులో మాత్రం తప్పు లేదు. ఇంట్లో రౌండ్లు, అంటే తూటాలు, కట్టుకునేవాళ్లు ప్రెస్సు, అందులో బిగించే డైలు, మందు తూచే త్రాసు కొంటారు. కట్టింది విప్పే సాధనాన్ని, అదే పుల్లర్‌ని, మాత్రం "అవసరమైనప్పుడు చూద్దాంలే" అని వదిలేస్తారు. అవసరం ఎప్పుడూ ముందే వచ్చేస్తుంది. ఒక కేస్‌లో (తూటా గొట్టంలో) తుపాకి మందు పడిందో లేదో అనుమానం వస్తుంది, బుల్లెట్ లోతుగా దిగిపోతుంది, దెబ్బకి నిప్పు పుట్టించే ప్రైమర్ బిళ్ల కేస్ అడుగుకి సమంగా కూర్చోకుండా పైకి తేలి ఉంటుంది. అనుమానం ఉన్నదాన్ని తూచి పట్టుకోవచ్చని పిల్లలు అంటారు. పట్టుకోలేం. రకరకాల కంపెనీల ఖాళీ కేస్‌ల బరువుల్లోనే కొన్ని గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) తేడా ఉంటుంది. మందులో రెండు మూడు గ్రెయిన్లు తగ్గితే ఆ తేడాలో కలిసిపోతుంది. ఒక్కదాని మీద అనుమానం వచ్చినా కేస్‌లు నిలబెట్టే ఆ బ్లాకులోవన్నీ విప్పాల్సిందే.

పుల్లర్లు రెండు రకాలు: కొట్టి ఊడదీసే సుత్తి, బుల్లెట్‌ని పట్టి లాగే కాలెట్. సుత్తి రకం చవక. ప్లాస్టిక్ సుత్తిలా ఉంటుంది. తల వెనక మూత విప్పి, రబ్బరు రింగుతో పట్టి ఉన్న మూడు ముక్కల బిగింపులో కేస్ అంచు కూర్చోబెట్టి, బుల్లెట్ సుత్తి తలలోకి వేలాడేలా పెట్టి మూత బిగిస్తాం. గట్టి వస్తువు మీద కొడితే సుత్తి ఆగిపోతుంది, బుల్లెట్ తన వేగంతో ముందుకు జారి ఊడుతుంది, మందు కూడా అదే గదిలోకి రాలుతుంది. అందుకే బరువైన బుల్లెట్ తొందరగా వస్తుంది. .308 సైజు తూటాలో 168 గ్రెయిన్ల బుల్లెట్ కొద్ది దెబ్బలకే ఊడితే, .223లో 40 గ్రెయిన్ల బుల్లెట్ చెయ్యి నొప్పెట్టేదాకా రాదు. మొదలుపెట్టినవాళ్లు చాలామంది పొరపడేది కొట్టే చోటు దగ్గర. చప్పుడు రాకూడదని రబ్బరు షీటు మీదో, కార్పెట్ మీదో కొడతారు. మెత్తటిది దెబ్బని మింగేస్తుంది, బుల్లెట్ కదలదు, ఇంకా గట్టిగా కొడతారు. కాంక్రీటు మీద పని తొందరగా అవుతుంది కానీ సుత్తి తల చిట్లుతుంది. గట్టి కర్ర దుంగని నిలబెట్టి, కోసిన ముఖం మీద తిన్నగా, ఏటవాలు లేకుండా కొట్టడం అన్నిటికన్నా మేలు. బుల్లెట్ మొన ప్లాస్టిక్‌దో, మెత్తని సీసందో అయితే సుత్తి తల అడుగున చెవిలో పెట్టుకునే స్పాంజి బిళ్ల ఒకటి వెయ్యాలి, లేకపోతే మొన నలుగుతుంది. లోతుగా దిగిన బుల్లెట్‌ని పూర్తిగా ఊడబెరకనక్కర్లేదు. చిన్న దెబ్బలు రెండు వేస్తే కాస్త పైకి వస్తుంది, సీటింగ్ డైతో మళ్లీ సరైన లోతుకి దింపుకోవచ్చు. ఈ పని సుత్తితోనే సులువు.

సుత్తిలో ఎప్పుడూ పెట్టకూడనివి: .22 లాంగ్ రైఫిల్ లాంటి రిమ్‌ఫైర్ రౌండ్లు, ఎందుకంటే పేలే పదార్థం వాటి అంచులోనే ఉంటుంది. మంట పుట్టించే, వెలుగు గీత గీస్తూ పోయే (ట్రేసర్) మిలిటరీ బుల్లెట్లు. తేలి ఉన్న ప్రైమర్‌తో ఉన్న రౌండ్‌ని ముందు ప్రైమర్ లోపలికి నెట్టి బాగుచేద్దామనే ఆలోచన కూడా వద్దు. దాన్ని సుత్తి జోలికి పోనివ్వకుండా కాలెట్‌తో నెమ్మదిగా విప్పాలి. మూడు ముక్కల బిగింపు తీసేసి ప్రెస్సు మీద కేస్ అంచుని పట్టి ఉంచే షెల్ హోల్డర్ పెట్టేవాళ్లున్నారు, పని తొందరగా అవుతుందని. నేను ఒప్పుకోను. ఏ రకమైనా కళ్లద్దాలు తప్పనిసరి.

కాలెట్ రకం ప్రెస్సు మీద, డై ఉండే 7/8-14 (7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు) మరలోనే బిగుస్తుంది. హార్నడీ కంపెనీ క్యామ్-లాక్‌కి లివర్ ఉంటుంది, ఆర్‌సీబీఎస్ కంపెనీ దానికి తిప్పే పిడి. రౌండ్‌ని షెల్ హోల్డర్‌లో పెట్టి పైకి ఎత్తి, బుల్లెట్‌ని కాలెట్ పట్టుకున్నాక ప్రెస్సు దించితే కేస్ కిందకి వస్తుంది, బుల్లెట్ పైన ఉండిపోతుంది. మందు కేస్‌లోనే ఉంటుంది, చప్పుడు లేదు. కాలెట్ మాత్రం బుల్లెట్ మందాన్ని బట్టి విడిగా కొనాలి. .308 (అంగుళాల్లో బుల్లెట్ మందం) కాలెట్ .30-06, .300 విన్ మ్యాగ్ తూటాలకీ పనికొస్తుంది. 6.5 క్రీడ్‌మూర్ తూటాకి .264 కావాలి. జారిపోతోందని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది డైని పైకి బిగించి ఉంటారు. కాలెట్ అంచు దాదాపు కేస్ మూతిని తాకేంత కిందకి దించాలి. అప్పుడే బుల్లెట్ నిటారు భాగం దొరుకుతుంది. పైన వంపు తిరిగిన చోట పడితే గీత పెట్టి జారుతుంది. గుండ్రని మొన ఉన్న పొట్టి పిస్టల్ సీసం బుల్లెట్లకి కాలెట్ దండగ, పట్టుకోవడానికి నిటారు భాగమే బయట ఉండదు.

మిలిటరీ రౌండ్లలో కేస్ మెడలో తారులాంటి పూత ఉండి బుల్లెట్ అతుక్కుపోయి ఉంటుంది. ముందు సీటింగ్ డైతో బుల్లెట్‌ని ఒక పిసరు లోపలికి నొక్కితే ఆ పట్టు తెగుతుంది. ఆ తర్వాత ఏ పుల్లర్‌కైనా లొంగుతుంది.

విప్పాక మందు సంగతి. అది ఏ డబ్బాలోదో నూటికి నూరుపాళ్లు తెలిస్తేనే ఆ డబ్బాలోకి తిరిగి పోయాలి. సుత్తి గదిలో పాత మందు గింజ ఒకటి అతుక్కుని ఉన్నా కలిసినట్టే. .308లో సుమారు 40 గ్రెయిన్లనుకుంటే పది రౌండ్ల మందు పాతిక గ్రాములు. దానికోసం ఎవరూ అనుమానం పోగేసుకోకూడదు. కేస్‌లో ప్రైమర్ బాగుంటే ఉంచేసి, సైజింగ్ డైలో ప్రైమర్ పీకే సూది తీసేసి మెడని మళ్లీ బిగించుకోవాలి, లేకపోతే కొత్త బుల్లెట్ వదులుగా కూర్చుంటుంది. కాలెట్ గీత పడ్డ బుల్లెట్లు ప్రాక్టీసుకి వాడుకోవచ్చు.

దసరాకి, సిరిమానోత్సవానికి ఊరెళ్లేవాళ్లు దీన్ని వదలకుండా చదవండి. ఇక్కడ అమెరికాలో సొంతానికి రౌండ్లు కట్టుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అక్కడ ఇండియాలో 1959 ఆయుధాల చట్టంలో తూటా భాగాలు, తూటాలు చేసే యంత్రాలు కూడా తూటాల లెక్కలోకే వస్తాయి. కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగునే ఊరికీ తీసుకెళ్లి, అడుగున మరిచిపోయిన ఒక్క రౌండ్‌తో ఇండియా ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడి కేసులైనవాళ్లున్నారు. రేంజ్ బ్యాగు రేంజ్‌కే. విమానానికి వేరే బ్యాగు, దాన్ని కూడా జేబులన్నీ తిరగేసి సర్దుకోవాలి. బొబ్బిలిలో చిన్నమ్మ ఫోన్లో "ఏటి సేస్తన్నాడే ఆడు?" అంటే నేను "ప్రాజెక్టు" అంటాను. వాడు పక్కనుంచి నా మొహం చూస్తాడు. నిజం చెప్పు అని వాడికి చెప్పేదీ నేనే.

ఏది కొనాలంటే: ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకి సుత్తి. దాదాపు అన్ని సెంటర్‌ఫైర్ (ప్రైమర్ కేస్ అడుగు మధ్యలో ఉండే) సైజులకీ పనికొస్తుంది, ఖర్చు తక్కువ. ఒకే సైజు రైఫిల్ రౌండ్లు యాభై, వంద విప్పాల్సి వస్తే కాలెట్. మా ఇంట్లో నేను పెట్టిన నియమం, తప్పు కట్టినవాడే సుత్తితో విప్పాలని. ప్రతి రౌండ్‌కీ మూత తిప్పి, కొట్టి, మందు ఒంపి, గది తుడిచి మళ్లీ మొదలుపెడితే, తర్వాతసారి మందు పోశాక ప్రతి కేస్‌లోకీ లైటేసి చూస్తాడని నా లెక్క. ఆ విసుగు జాగ్రత్త నేర్పుతుందో, తప్పు కనిపించినా ఎవరికీ చెప్పకుండా డబ్బాలో పెట్టేయడం నేర్పుతుందో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండోదే నిజమైతే కాలెట్ ముందే చేతికి ఇవ్వాల్సింది. కాలెట్ కొన్నాను కూడా, నా సొరుగులో ఉంది, నేను కట్టినవి విప్పడానికి. సొరుగు తాళం ఎక్కడుంటుందో వాడికి తెలుసు, అడగడు.