మూడో వాకిన్‌లో వచ్చిన క్యాబిన్ క్రూ ఉద్యోగం: నా ప్రిపరేషన్, జీతం లెక్క

2025 ఫిబ్రవరిలో క్యాబిన్ క్రూగా, అంటే ఎయిర్ హోస్టెస్‌గా, నాకు సెలక్షన్ మెయిల్ వచ్చింది. అంతకు ముందు రెండు వాకిన్‌లలో, అంటే ఎయిర్‌లైన్ పెట్టిన చోటికి నేరుగా వెళ్ళి పాల్గొనే ఇంటర్వ్యూల్లో, పోయింది. ఇప్పుడు హైదరాబాద్ బేస్‌గా ఎగురుతున్నాను. ఊరు తాడేపల్లిగూడెం దగ్గర, నాన్న ఆర్టీసీ కండక్టర్. నన్ను అడిగేవాళ్ళంతా ఎత్తు ఎంత ఉండాలి, మేకప్ ఎలా వేసుకోవాలి, ఇంగ్లిష్ ఎంత రావాలి అని అడుగుతారు. ఏ గంట నుంచి జీతం లెక్కపెడతారు, కాంట్రాక్ట్ ఎన్నేళ్ళు అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఇంటర్ అయ్యాక ఒక ఇన్‌స్టిట్యూట్‌లో లక్షా ఇరవై వేలు కట్టి ఏడాది కోర్సు చేశాను. సర్టిఫికెట్ లేనిదే ఎయిర్‌లైన్ తీసుకోదని చెప్పారు. ఆ డబ్బు కోసం నాన్న సొసైటీలో లోన్ పెట్టారు. వాకిన్‌కి వెళ్ళాక ఆ సర్టిఫికెట్‌ని ఎవరూ అడగలేదు. టెన్త్, ఇంటర్ మార్కుల జాబితాలు, పాస్‌పోర్ట్, ఫొటోలు, అంతే చూశారు. మన దేశంలో ఈ ఉద్యోగానికి ముందుగా ఏ డిప్లొమా అక్కర్లేదు. సెలెక్ట్ అయ్యాక శిక్షణంతా ఎయిర్‌లైనే ఇస్తుంది. జుట్టు ముడి, చీర కుచ్చిళ్ళు, నడక లాంటివి ఇంట్లో అద్దం ముందు నెల రోజులు సాధన చేస్తే వస్తాయి. కోర్సు చేయొద్దని అనను. నలుగురిలో మాట్లాడే భయం పోవడానికి కొందరికి పనికొస్తుంది. కానీ అది లేకపోతే ఉద్యోగం రాదని చెప్పి ఎవరైనా అప్పు చేయిస్తే నమ్మకండి.

మొదటి వాకిన్ 2023లో, విజయవాడలో ఒక హోటల్లో. పొద్దున్న ఏడింటికే వందల మంది ఉన్నారు. ముందు ఎత్తు, బరువు చూస్తారు. అమ్మాయిలకు చాలా ఎయిర్‌లైన్లు 155 సెంటీమీటర్లు అడుగుతాయి. తర్వాత యూనిఫాం వేసుకుంటే బయటికి కనిపించే చోట్ల టాటూలు, పెద్ద మచ్చలు ఉన్నాయా అని చూస్తారు. ఆ తర్వాత ఒక్క నిమిషం మన గురించి మనం చెప్పాలి. నేను కోర్సులో రాసిచ్చిన పేరా అప్పజెప్పాను. నా ముందు ఆరుగురూ దాదాపు అవే మాటలు చెప్పారని నా వంతు వచ్చేసరికే నాకు అర్థమైంది, అయినా మార్చుకోలేకపోయాను. అక్కడే ఆపేశారు. తిరుగు బస్సులో గన్నవరం దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత ఆరు నెలలు నేను చేసిన అసలు ప్రిపరేషన్ ఇంగ్లిష్ ఉచ్చారణ మీద. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా పోయేది ఇక్కడే. గ్రామర్ తప్పు పోయినా అర్థమయ్యేలా మాట్లాడితే చాలా చోట్ల ముందుకు పంపుతారు. కానీ మనది అజంత భాష. ప్రతి మాట చివరా మనకు తెలియకుండానే అచ్చు వచ్చి చేరుతుంది. సీటు, బెల్టు, గేటు, ఫ్లైటు. తెలుగులో అది అందం. ఇంగ్లిష్ అనౌన్స్‌మెంట్ చదివేటప్పుడు మాత్రం ఆ ‘ఉ’ దగ్గరే పట్టుకుంటారు. ఇంకొకటి, ‘జీరో’లోని మొదటి శబ్దం మనం ‘జ’ లాగానే పలుకుతాం. నేను పేపర్లో ఒక వార్త తీసుకుని రోజూ పది నిమిషాలు గట్టిగా చదివి ఫోన్‌లో రికార్డ్ చేసేదాన్ని. విని, ‘ఉ’ చేర్చిన ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని. మొదటి రోజు ఒక్క పేరాలో ఇరవై మూడు గీతలు. రెండు నెలలకు మూడో నాలుగో మిగిలాయి. అమెరికా యాస కోసం ప్రయత్నించకండి. అరువు యాస ఒక ప్రశ్నకు నిలుస్తుంది, రెండో ప్రశ్నకు జారిపోతుంది. నిదానంగా, మాట చివర స్పష్టంగా ఉంటే చాలు.

హిందీ కూడా కొంత నేర్చుకోవాలి. తెలుగును మాత్రం తక్కువ చేసుకోవద్దు. ఫారంలో వచ్చిన భాషలన్నీ రాయమంటారు. గల్ఫ్ విమానాల్లో కడప నుంచి, కోనసీమ నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు, కరీంనగర్, నిజామాబాద్ నుంచి కూలికి వెళ్ళేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఆక్సిజన్ మాస్క్ గురించి అర్థమయ్యే భాషలో చెప్పగలగడం చిన్న సంగతి కాదు. మూడో ఇంటర్వ్యూలో ఈ మాట నేను చెప్పాను. ప్యానెల్‌లో ఒక మేడమ్ అప్పటికప్పుడు సీట్ బెల్ట్ సూచన తెలుగులో చెప్పించుకుని విన్నారు.

రెండో వాకిన్ 2024లో హైదరాబాద్‌లో. ఈసారి సెల్ఫ్ ఇంట్రో సొంత మాటల్లో చెప్పి దాటాను. గ్రూప్ డిస్కషన్‌లో ఎక్కువ మాట్లాడినవాళ్ళే నెగ్గుతారని అనుకుంటాం. మా గ్రూప్‌లో అందరికన్నా గట్టిగా మాట్లాడిన అమ్మాయి పోయింది. మాట మధ్యలో ఆగిపోయిన ఇంకో అమ్మాయిని ‘మీరు చెప్పేది పూర్తి చేయండి’ అన్న అమ్మాయి నిలిచింది. నేనూ నిలిచాను. చివరి ఇంటర్వ్యూలో ఒకే ఒక్క ప్రశ్న దగ్గర పోయాను: ‘విమానంలో మీ మొదటి పని ఏమిటి?’ చిరునవ్వుతో అతిథులకు సేవ చేయడం అన్నాను. ఇంటర్వ్యూ చేసే ఆయన తల ఊపి కాగితం పక్కన పెట్టేశారు.

ఆ జవాబు ఎందుకు తప్పో తెలుసుకోవడమే నా మూడో ప్రయత్నం. క్యాబిన్ క్రూని విమానంలో పెట్టేది భోజనం కోసం కాదు. మన నిబంధనల ప్రకారం 50 సీట్లకు మించిన విమానంలో కనీసం ఇద్దరు క్రూ ఉండాలి. 99 సీట్లు దాటితే ఆ పైన ప్రతి 50 సీట్లకు, లేదా అందులో కొంత భాగానికైనా, ఒకరు అదనం. అందుకే 180 సీట్ల ఎ320లో నలుగురు, 78 సీట్ల ఏటీఆర్‌లో ఇద్దరు. టీ, సమోసా అమ్మినా అమ్మకపోయినా ఆ సంఖ్య తగ్గదు. ఒక విమానం మోడల్‌కు అనుమతి రావాలంటే సగం తలుపులే వాడి, 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపించాలి. ఆ తలుపుల దగ్గర నిలబడేది మనం.

2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 దిగుతూ రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొట్టింది. పెద్ద విమానంలో ఉన్న 379 మందీ మంటల్లోంచి ప్రాణాలతో బయటపడ్డారు. మైక్ పనిచేయలేదు. క్రూ మెగాఫోన్లతో, గొంతుతో అరిచి చెప్పారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు. ఏ తలుపు తెరవకూడదో నిర్ణయించడం కూడా క్రూ పనే. దీని గురించి దొరికిందల్లా చదివాను. 1986 సెప్టెంబర్ 5న కరాచీలో పాన్ యామ్ విమానంలో ప్రయాణికులను కాపాడుతూ చనిపోయిన నీర్జా భనోత్ గురించి కూడా చదివాను. ఆమెకు మరణానంతరం అశోకచక్ర ఇచ్చారు. మూడోసారి అదే ప్రశ్న వచ్చినప్పుడు హనేడా సంగతి చెప్పాను. కంఠతా పట్టిన జవాబు కాదు కాబట్టి గొంతు వణకలేదు.

పరిశ్రమ గురించి కూడా రెండు మూడు ప్రశ్నలు వస్తాయి. ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న టాటాల చేతికి వచ్చింది. 2024 అక్టోబర్ 1న ఒకప్పటి ఎయిర్ఏషియా ఇండియా ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. అదే ఏడాది నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. ఈ మాత్రం తెలియకుండా వెళ్ళకండి.

మెడికల్ గురించి టెన్షన్ పడేవాళ్ళు ఎక్కువ. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2014 నిబంధనల్లో బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఆడవాళ్ళకు 18 నుంచి 22, మగవాళ్ళకు 18 నుంచి 25 మామూలుగా లెక్క. నా ఎత్తు 158. అంటే 45 నుంచి 55 కిలోల మధ్య ఉండాలి. నేను 57 ఉండేదాన్ని. తిండి మానేసి తగ్గించుకోవద్దు, రక్తహీనత బయటపడితే అది ఇంకో సమస్య. సాయంత్రం నడక, రాత్రి అన్నం తగ్గించడం, నాలుగు నెలలు పట్టింది.

శిక్షణ మూడు నెలలు. పుస్తకాల బరువు చూస్తే ఇంటర్ బైపీసీ మళ్ళీ చదివినట్టుంటుంది. స్లైడ్ మీంచి దూకడం, నీళ్ళలో డ్రిల్, పొగ గదిలో మంటలార్పడం, ప్రథమ చికిత్స, ప్రమాదకర వస్తువులు, భద్రతా కోర్సు. ప్రతి పరీక్షా పాసవ్వాలి. నాకు నీళ్ళంటే భయం. కాలవ పక్కన పెరిగినా ఈత రాదు. మీరు ముందే నేర్చుకుని వెళ్ళండి.

ఇక జీతం. నా ఆఫర్ లెటర్‌లో స్థిర జీతం 26,000, ఎగిరే గంటకు 330 రూపాయల ఫ్లయింగ్ అలవెన్స్ అని ఉంది. ఆ గంటలు ఎప్పటి నుంచి లెక్క అన్నదే ముఖ్యం. చక్రాల కింద అడ్డం పెట్టిన దిమ్మెలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, ఆగి మళ్ళీ దిమ్మెలు పెట్టేదాకా. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. ఒక రోజు లెక్క చెబుతాను. హైదరాబాద్ నుంచి విశాఖ రెండుసార్లు వెళ్ళి రావాలి. క్యాబ్ తెల్లవారుజామున 2:45కు వస్తుంది. రిపోర్టింగ్ 4:10. డ్యూటీ అయ్యేసరికి మధ్యాహ్నం 12:50. ఎనిమిది గంటల నలభై నిమిషాల డ్యూటీ. బ్లాక్ టైమ్ ఐదు గంటల ఇరవై నిమిషాలు. ప్రయాణికులను ఎక్కించడం, దించడం, సీట్ల కింద తనిఖీ, గేట్ దగ్గర ఆలస్యం, వీటికి గంట లెక్కలో డబ్బు రాదు.

ఇది నాన్నకు చెబితే వెంటనే అర్థమైంది. ‘అంటే స్టీరింగ్ గంటలకే ఇస్తారు, స్ప్రెడ్ ఓవర్‌కి ఇవ్వరన్నమాట’ అన్నారు. స్టీరింగ్ గంటలంటే బస్సు నడిచిన సమయం, స్ప్రెడ్ ఓవర్ అంటే డ్యూటీ మొదలు నుంచి చివరిదాకా మొత్తం సమయం. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళుగా వాళ్ళ యూనియన్ మాట్లాడేదే ఆ తేడా గురించి. బస్టాండ్‌లో బస్సు ఆగి ఉన్నా కండక్టర్ డ్యూటీలోనే ఉన్నాడు కదా అన్నది ఆయన వాదన. నాకూ అదే న్యాయంగా అనిపిస్తుంది. మా ఒక్కళ్ళ బాధే కాదిది. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ 2022 జూన్ నుంచి ప్రయాణికులు ఎక్కే సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడా క్రూ పది వేల మందికి పైగా సమ్మె చేశారు, ఈ నేల మీది పనికి డబ్బు ఇవ్వాలన్నది వాళ్ళ ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. ప్రభుత్వం పనిలోకి వెళ్ళమన్నా వెంటనే వెళ్ళలేదు. చివరికి ఆ సమయానికి కొంత చెల్లించే ఒప్పందం కుదిరింది.

ఒక నెల 68 గంటలు ఎగిరాను. అలవెన్స్ 22,440, మొత్తం 48,440. తర్వాతి నెల జలుబు చేసి చెవి మూసుకుపోయింది. ఆ చెవితో ఎగిరితే కర్ణభేరి దెబ్బతింటుందని డాక్టర్ ఆపేశారు. ఆ నెల 41 గంటలు. చేతికి రాకముందే 8,910 తగ్గింది. పీఎఫ్ పోతుంది, షేరింగ్ ఫ్లాట్ అద్దె అలాగే ఉంటుంది. కాబట్టి ఈఎంఐ పెట్టుకుంటే స్థిర జీతం చూసి పెట్టుకోండి, మంచి నెల చూసి కాదు.

గల్ఫ్ వైపు చూసేవాళ్ళకు ఒక లెక్క. ఎమిరేట్స్ 2023లో తన ప్రకటనల్లో బేసిక్ 4,430 దిర్హమ్‌లు, గంటకు 63.75, సగటున మొత్తం 10,170 అని చూపింది. వసతి కంపెనీయే ఇస్తుంది. అక్కడ కనీస వయసు 21, ఎత్తు 160, మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాపితే 212 సెంటీమీటర్లు అందాలి. గోడ మీద గీత గీసుకుని ఇంట్లోనే చూసుకోండి. వాకిన్‌కి డబ్బు ఖర్చుపెట్టుకుని వెళ్ళాక తెలియడం కన్నా అది నయం.

ఆడపిల్లలు ఒక చరిత్ర తెలుసుకోవాలి. ఒకప్పుడు ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భవతి అయితే ఉద్యోగం పోయేది. 1981లో నెర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళ లోపు పెళ్ళి చేసుకోకూడదన్న నిబంధనను మాత్రం అప్పుడు ఉంచేసింది. ఇప్పుడు గర్భం నిర్ధారణ అయితే ఎగరడం ఆపుతారు, చట్టప్రకారం 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. ఎగరడం ఆపినప్పటి నుంచి సెలవు మొదలయ్యేదాకా నేల మీద పని ఇస్తారా, జీతం ఎంత, అన్నది ముందే అడగాలి.

కంపెనీలు మూతపడటం కూడా ఈ రంగంలో మామూలే. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. అందుకే నేను ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ ఆపలేదు. లేఓవర్‌లో, అంటే వేరే ఊళ్ళో రాత్రి ఆగినప్పుడు, హోటల్లో గంటన్నర చదవడానికి వీలవుతుంది, నిజంగా వీలవుతుంది.

ఎయిర్‌లైన్ పేరుతో ఫోన్ చేసి యూనిఫాం డిపాజిట్, మెడికల్ ఫీజు అని డబ్బు అడిగితే అది మోసమే. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇలా 18,000 పోగొట్టుకుని మళ్ళీ వాకిన్‌కి వచ్చింది.

నా ఆఫర్ లెటర్ వచ్చిన రాత్రి నాన్న నైట్ డ్యూటీ నుంచి వచ్చి, దాన్ని టికెట్ల లెక్క చూసినట్టు పెన్సిల్ పట్టుకుని చూశారు. అంచున ప్రశ్నలు రాశారు. కాంట్రాక్ట్ ఎన్నేళ్ళు, ఎవరు పొడిగిస్తారు? మధ్యలో మానేస్తే బాండ్ ఎంత కట్టాలి? ఎగరకపోయినా డబ్బిచ్చే హామీ గంటలు ఎన్ని? పిలిస్తే వెళ్ళడానికి ఇంట్లో సిద్ధంగా ఉండే స్టాండ్‌బైకి డబ్బు ఉందా? శిక్షణలో స్టైపెండ్ ఎంత, వసతి ఎవరిది? బేసిక్ ఎంత చూపించి పీఎఫ్ కడతారు? ఆ ప్రశ్నలన్నీ నేను మెయిల్‌లో అడిగాను. జవాబులు రాతలో వచ్చాయి, ఎవరూ కోప్పడలేదు.

పోయిన వారం మా పెదనాన్న మనవరాలికి ఆఫర్ వచ్చింది. నాన్న ప్రశ్నలు రాసిన నా కాగితం ఫొటో తీసి తనకు పంపాను. హామీ గంటలకు, బాండ్‌కు ఇంకా జవాబు రాలేదట. సంతకం పెట్టకుండా మళ్ళీ మెయిల్ రాయమన్నాను.