డిలీలో పావు డాలరు ప్రయాణం

తిమోర్ లెస్తే రాజధాని డిలీలో దిగీ దిగగానే జేబుకి చిల్లు. వీసాకి 30 డాలర్లు, ఊళ్లోకి టాక్సీకి పది. బియ్యం మొదలుకొని బిస్కెట్ల దాకా చాలా సరుకు ఓడల్లో దిగాల్సిందే కాబోలు, బాలీలో రెండు పూటలు గడిచే డబ్బు ఇక్కడ ఒక పూట అన్నానికీ, వేపిన చేపకీ సరిపోయింది. ఈ దేశానికి 2002లో స్వాతంత్ర్యం వచ్చినా డబ్బు మాత్రం అమెరికా డాలరే. నోట్లు వాళ్లవి, చిల్లర సొంతం. 10 సెంటావోల బిళ్ల మీద కోడిపుంజు, 50 మీద కాఫీ.

టాక్సీవాళ్లతో బేరమాడే ఓపిక లేక మైక్రోలెట్ ఎక్కాను. మన సెవెన్ సీటర్ ఆటోని కాస్త సాగదీసి, సీటు కింద స్పీకర్లు బిగించినట్టుంటుంది. ఎంత దూరమైనా నాకు పడింది పావు డాలరే. దిగాలంటే అరవక్కర్లేదు. బిళ్లతో పైనున్న ఇనపకడ్డీ మీద టకటక కొడితే, అంత పాటల హోరులోనూ డ్రైవరుకి వినిపిస్తుంది!

నా మోకాళ్లకి మోకాళ్లు తగిలేలా కూర్చున్నాయన బౌకావు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ బడిపంతులు. "మౌన్, ఇండియానా?" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మౌన్ అంటే అన్నయ్య. వాళ్ల నాన్న చదివింది పోర్చుగీసు పాలన నాటి పోర్చుగీసు బడిలో. 1975లో ఇండోనేషియా ఆక్రమించాక ఈయన చదువంతా ఇండోనేషియా భాషలో. ఇప్పుడు కూతురి పుస్తకాలు మళ్లీ పోర్చుగీసులో. "హోంవర్క్ చెప్పమంటే మా నాన్న దగ్గరికి పంపుతాను. నా పోర్చుగీసు విని అది నవ్వుతుంది," అన్నాడు. ఇక ఆయన మాట్లాడేది వీధిలో టెటుమ్ భాష, అమ్మతో మకసాయే భాష.

శాంతా క్రూజ్ శ్మశానం గోడ వచ్చింది. 1991 నవంబరు 12న ఇండోనేషియా సైనికులు జనం మీద కాల్పులు జరిపింది ఇక్కడే. ఆయన శిలువ గుర్తు వేసుకున్నాడు. కాసేపాగి, "ఇంట్లో మా ఆవిడ ఇండోనేషియా సీరియళ్లు ఆపనివ్వదు," అన్నాడు. 1999 రెఫరెండంలో వాళ్ల నుంచి విడిపోదామని నూటికి 78 మందికి పైగా ఓటేసిన జనం! నేనేమీ అనలేకపోయాను.

"మీ పిల్లలు ఏ భాషలో చదువుతున్నారు?" అనడిగాడు. ఇంగ్లీషు మీడియం అన్నాను. తెలుగు చదవడం వచ్చా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. బెకోరా పేట రాకముందే కడ్డీ మీద టకటకమనిపించి, నా పావు డాలరు కూడా తనే ఇచ్చేసి దిగిపోయాడు. డిలీలో నాకు గిట్టుబాటైన ప్రయాణం అదొక్కటే.